నాగా లేని వాడుక

సూరయ్య హోటల్లో పాల ధర ఇవాళ ఉన్నట్టు రేపుండదు. కోటబొమ్మాళి స్టేషన్ ఎదురుగా రేకుల కప్పు కింద, మరిగే టీ డేగిసా వెనక నిలబడి, తెచ్చిన క్యానులోకి ఒకసారి, రైలు దిగే జనం వైపు ఒకసారి చూసి నోటికొచ్చిన ధర చెబుతాడు. పెళ్ళి ముహూర్తాలుంటే "రండమ్మా, రండి" అని రోడ్డు మీదికి ఎదురొస్తాడు. కార్తీకం దాటి గేదెలన్నీ ఈని, ఊరూరా పాలు పొర్లిపోయే రోజుల్లో మాత్రం "ఎవులికి గావాలమ్మా ఈ పాలు? మొకం కడుక్కోడానికా?" అని మొహం తిప్పేస్తాడు. అంత దూరం మోసుకొచ్చిన పాలు మళ్ళీ వెనక్కి మోస్తే దారిలోనే విరిగిపోతాయని ఆ మహానుభావుడికి బాగా తెలుసు.

అరవై ఎనిమిది శీతాకాలంలో ఇది మరీ ముదిరింది. ఎక్కణ్ణుంచో పాలపొడి డబ్బాలు దిగాయి. వేణ్ణీళ్ళలో రెండు గరిటెలు కలిపితే టీకి సరిపోతాయట. గేదె అక్కర్లేదు, గడ్డి అక్కర్లేదు, తెల్లవారుజామున లేచి పొదుగు కడిగే ఆడది అసలే అక్కర్లేదు.

ధర పడినప్పుడు ఏం చెయ్యాలో ఊళ్ళో ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తోడేసి, చిలికి, నెయ్యి కాచి సంతకు పట్టుకెళతారు. నెయ్యి కూడా అమ్ముడుపోకపోతే దూడని వదిలేస్తారు, అదైనా కడుపునిండా తాగుతుందని. ఇక మూడోది నీళ్ళు. దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. ధర దిగినకొద్దీ పాలలో నీళ్ళు ఎక్కుతాయి. సూరయ్య ధర తగ్గించాడు, మనం పాలు తగ్గించాం, సరికి సరి. ఇందులో దొంగతనం ఉందని ఏ ఆడదీ అనుకోదు.

వీటన్నిటికన్నా మేలైనది మంచి వాడుక. అంటే ఏడాది పొడుగునా ఒకే ఇంటికి, ఒకే ధరకి, రోజూ పాలు పోసే ఒప్పందం. టీచర్ల ఇళ్ళూ, స్టేషను ఉద్యోగుల ఇళ్ళూ అలాంటివి. అయితే అలాంటి ఇల్లు దొరికితే ఎవరూ ఎవరికీ చెప్పరు. చెబితే మర్నాడే పక్కింటామె అణా తక్కువకి పోస్తానని గుమ్మం ముందు నిలబడుతుంది. సొంత చెల్లెలికి కూడా చెప్పరు.

తవిటమ్మకి ఆ శీతాకాలంలో వాడుక ఒక్కటీ లేదు. మొగుడు పోయి నాలుగేళ్ళు. కొడుకు గంగులు సాలూరులో లారీలకి సరుకెత్తే పనిలో ఉన్నాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఇంట్లో ఉన్నది ముగ్గురాడవాళ్ళు. తవిటమ్మ, చూపు పోయిన ఆమె అత్త జగ్గమ్మ, నెలలు నిండుతున్న కోడలు తాయారు. ముగ్గురూ బతికేది నుదుట చుక్క ఉన్న ఒక్క గేదె మీద.

ఆ పొద్దున సూరయ్య సగం పాలే తీసుకుని సగం వెనక్కి పంపేశాడు. కాలవగట్టు తోవ బురదగా ఉందని తవిటమ్మ జీడితోటలోంచి అడ్డంగా నడిచింది. మంచు దట్టంగా పట్టి ఉంది. సూరయ్యని, వాడి డబ్బాల్ని, ఆ డబ్బాలు చేసినవాళ్ళని వరసపెట్టి తిడుతూ నడుస్తుంటే ఆడగొంతు వినిపించింది.

"పాలమ్మా! పాలున్నాయా?"

తోట మధ్యలో పెంకుటిల్లు. ఎప్పుడూ తలుపేసి ఉండే ఇల్లది. ఇవాళ తలుపు జానెడు తీసి ఉంది. జీడిపంట కోసం పర్లాకిమిడి వైపు నుంచి ఎవరో ఒకరు వచ్చి దిగుతుంటారని విన్నది కాబట్టి తవిటమ్మ ఆశ్చర్యపోలేదు. అమ్ముడుపోని పాలు చేతిలో ఉన్న మనిషికి ఆశ్చర్యపోయే తీరిక ఉండదు.

"ఉన్నాయమ్మా. ఎంత గావాల?"

"తవ్వెడు. రోజూ పొయ్యాల. గడప మీద గిన్నె ఉన్నాది సూడు."

కంచు గిన్నె ఉంది. తోమి, తుడిచి, చుక్క తడి లేకుండా ఉంది. గొంతు తలుపు వెనక నుంచి వస్తోంది గాని మనిషి కనబడటం లేదు. పచ్చి బాలింతరాలేమో, గాలి తగలకూడదని లోపలుంది కాబోలనుకుంది తవిటమ్మ. లోపల ఉయ్యాల తాడు కిర్రు కిర్రుమంటోంది.

"ధరేటిస్తావు?"

"డబ్బుల్నేవు. ధాన్యం ఇస్తాను. సేటలో ఉన్నాది."

గిన్నె పక్కన చేట, చేటనిండా ధాన్యం. ధాన్యం కనబడితే తవిటమ్మ చెయ్యి ఊరుకోదు. గింజ తీసి ముందు పళ్ళ మధ్య పెట్టి కొరుకుతుంది. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా అణిగితే పచ్చిదన్నట్టు. చిన్నప్పుడు కళ్ళంలో పట్టుకున్న అలవాటది. ఒకసారి చావు పరామర్శకు వెళ్ళి, ఏడుస్తూ ఏడుస్తూనే వాళ్ళ గాదె పక్కన గింజ తీసి కొరికేసరికి, మొగుడు ఇంటికొచ్చాక నానా తిట్లూ తిట్టాడు. తనకి తెలిసి చేస్తే కదా మానడానికి.

గింజ టక్కుమంది.

"ఎండిందా, పాలమ్మా?" అంది తలుపు వెనక గొంతు.

తవిటమ్మకి సిగ్గేసింది. "ఎండిందమ్మా. మంచి ధాన్యం."

"ఎండలొచ్చినా వానలొచ్చినా ఇదే ధర. పెంచను, తగ్గించను. నీళ్ళు కలపకు. నాగా ఎట్టకు. మాటిస్తావా?"

చేటెడు ధాన్యమంటే సూరయ్య ఇచ్చేదానికి రెట్టింపు పైమాటే. నాగా అంటే ఒక్కరోజు కూడా తప్పకూడదన్నమాట. తప్పాల్సిన పనేముంది? తవిటమ్మ మాటిచ్చింది, గిన్నెలో పాలు పోసింది, ధాన్యం కొంగున కట్టుకుంది. ఆ రోజు ఇంటిదాకా ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తాయారుకి చెబితే నూతి దగ్గర నోరు జారుతుంది. జగ్గమ్మకి చెబితే వాడుకల గురించి పురాణం మొదలెడుతుంది. ఊళ్ళో అందరూ మరిచిపోయిన పాత కట్టుబాటొకటి ఆ ముసలిదానికి మంత్రమైపోయింది. వాడుక మొదలుపెట్టడం సుళువు, మూయడమే కష్టమంటుంది. మూసే రోజున పాలు ఇంటివే అయ్యుండాలి, కొన్నవి కాకూడదు. నీటిచుక్క తగలకూడదు. గిన్నె అడుగు తడిసినా చాలు గాని ఆ పాలకి ధర పుచ్చుకోకూడదు. పాలు పుచ్చుకున్నవాళ్ళు గిన్నె బోర్లిస్తే రుణం తెగినట్టు. "ఒక్క గింజ తీసుకున్నా మూసినట్టు కాదే. వాడుక ఉన్నట్టే" అని పొద్దస్తమానం సతాయిస్తుంది. ఈ చాదస్తానికి తోటి ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

అందుకని తవిటమ్మ ఆ ధాన్యాన్ని గడప దాటనివ్వలేదు. తోవలోనే కొట్లో పోసి, బదులు బియ్యం పట్టుకొచ్చేది. "ఈ రకం ఎక్కడిదే? నా సిన్నప్పుడు సూసినాను" అని కొట్టువాడు అడిగితే మాట మార్చేసేది.

శీతాకాలమంతా ఊళ్ళో ఆడవాళ్ళు నెయ్యి మూతలు తీసి సంతలో దిగాలుగా కూర్చుంటే, తవిటమ్మ మాత్రం ధీమాగా తిరిగింది. ఆ ఇంటి చూరు మీద పొగ ఎప్పుడూ కనబడదు. పెంకుల మీద కాకి వాలదు. రోజూ తన వెంటపడే ఊరకుక్క తోట కంచె దగ్గరే ఆగిపోయి, ఆమె తిరిగొచ్చేదాకా కదలకుండా నిలబడుతుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక్కసారైనా ఏడుపు వినిపించాలి కదా, అదీ లేదు, ఉయ్యాల కిర్రు తప్ప. ఇవన్నీ తవిటమ్మ చూసింది. చూసి పక్కన పెట్టింది. కలిసొచ్చిన బేరంలో లోపాలు వెతకడం ఎవరి వల్ల అవుతుంది?

ఫాల్గుణంలో జీడిపూత వాసనకి తోటంతా మత్తుగా ఉన్న రోజుల్లో తాయారు మగపిల్లాణ్ణి కంది. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు అత్తింట్లోనే పోశారు. వాడి ఏడుపు వీధి చివరికి వినబడేది. తవిటమ్మకి ఆ గోల ముందు సన్నాయి ఎందుకూ పనికిరాదనిపించింది. ముద్దుకి కూడా తిట్టేది: "దొంగగుంటడు, రైలింజనులా కూత్తన్నాడు."

వైశాఖం వచ్చింది. ముహూర్తాలు కట్టలు తెంచుకున్నాయి. గేదెలు సగం వట్టిపోయాయి. సూరయ్య రోడ్డు మీదికే కాదు, ఊరి మొగదాకా ఎదురొచ్చాడు.

"తవిటమ్మా, నువ్వు నా తోడబుట్టినదానివి. ఉన్న పాలన్నీ నాకే పొయ్యి. సెప్పిన ధర ఇస్తాను."

"మరి నీ పాలపొడేటైనాది అన్నా?"

"పెళ్ళివోళ్ళు పొడి తాగుతారేటమ్మా?"

సూరయ్య చెప్పిన ధర వింటే శీతాకాలంలో కొండంత కనిపించిన చేటెడు ధాన్యం ఇప్పుడు పిడికెడైపోయింది. రోజూ ఆ కంచు గిన్నెలో తవ్వెడు పాలు పోస్తుంటే తవిటమ్మకి గుండెలో కలుక్కుమనేది. వాడుక మూసేద్దామా అనుకుంది. కానీ మళ్ళీ శీతాకాలం రాకమానదు. డబ్బాలు దిగకమానవు. అప్పుడీ చేట ఎవరిస్తారు? ఈ ఇల్లూ ఉండాలి, ఆ ధరా దక్కాలి. రెండూ కావాలనుకున్నప్పుడు ఆడవాళ్ళకి తెలిసిన దారి ఒక్కటే.

తోట చివర నేలబావి ఉంది. మొదటిరోజు చారెడు నీళ్ళే కలిపింది. గిన్నెలో పోసి వెనక్కి తిరిగేసరికి లోపల బిడ్డ ఏడ్చాడు.

అన్ని నెలల్లో అదే మొదటిసారి. సన్నటి ఏడుపు, పిల్లికూనదిలా.

"గుంటడేడుస్తన్నాడేటమ్మా?"

"ఆకలి, పాలమ్మా."

"ఇప్పుడే పోసినాను గదా."

చేట ఎప్పటిలాగే నిండుగా ఉంది. పాలు పలచబడ్డాయి గాని ధాన్యం ఒక్క గింజ తగ్గలేదు. తవిటమ్మకి సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. అయినా మర్నాడు ఇంకొంచెం కలిపింది. మనసు ఒద్దన్నా చేతికి లాభం అలవాటైపోయింది. రోజు రోజుకీ నీళ్ళు పెరిగాయి, ఏడుపు పెరిగింది. చివరికి కంచె దగ్గరికే వినిపించేది. కుక్క అక్కడిదాకా కూడా రావడం మానేసింది. తవిటమ్మ గబగబా పోసి, గబగబా కట్టుకుని, చెవులు మూసుకుని పరిగెత్తేది.

తర్వాత గేదె పాలు మారాయి. బొటనవేలి గోరు మీద చుక్క వేస్తే ముత్యంలా నిలవాల్సింది జారిపోతోంది. ఇంకా చెంబులో ఉండగానే, నీళ్ళు తగలకముందే, పాలు నీళ్ళలా ఉన్నాయి. మేత మార్చింది, తవుడు పెట్టింది, దిష్టి తీసింది. జ్యేష్ఠం మొదట్లో ఒక పొద్దున పొదుగు కింద కూర్చుంటే చుక్క రాలేదు. గేదె తల తిప్పి తవిటమ్మని చూసింది. ఇంకా మూణ్ణెల్లు పాలివ్వాల్సిన గేదె అలా ఒక్క పూటలో వట్టిపోయింది.

ఆ రోజు తవిటమ్మ జీడితోటకి వెళ్ళలేదు. పాలే లేకపోతే ఏం పోస్తుంది? నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ ఏడుపు వినక్కర్లేదు కదా.

మర్నాడు తెల్లవారేసరికి తన ఇంటి అరుగు మీద చేట ఉంది. చేటనిండా ధాన్యం.

తవిటమ్మ దాన్ని చూస్తూ నిలబడి ఉండగానే లోపల్నుంచి తాయారు పిలిచింది. "అత్తా, ఓసారి ఇటొస్తావా? పాలు రావట్నేదు."

రెండు పక్కలా ఖాళీ. పిల్లాడు నోరు పెట్టి, లాగి, లాగి, మొహం ఎర్రబడేలా ఏడుస్తున్నాడు. రాత్రి పడుకునేటప్పుడు చీర తడిసేంత పాలున్నాయట. తవిటమ్మ మెంతులు నూరి పెట్టింది, ఎండుచేప కూర వండి పెట్టింది. సాయంత్రానికి పాలు పడ్డాయి. తెల్లవారేసరికి మళ్ళీ లేవు. అరుగు మీద మాత్రం మళ్ళీ చేటెడు ధాన్యముంది.

"పొద్దు పొడవకముందు ఎవులో నోరెట్టినట్టుంటాది అత్తా" అంది తాయారు, తలుపు వైపు చూస్తూ. "సిన్న నోరు. సల్లగుంటాది. మనోడే అనుకుంటాను. కళ్ళు తెరిస్తే ఆడు ఉయ్యాల్లోనే ఉంటాడు."

తవిటమ్మ సూరయ్య దగ్గర పాలు కొని తెచ్చి దూదితో పట్టింది. పిల్లాడు కక్కేశాడు. రోజులు గడిచినకొద్దీ వాడి ఏడుపు సన్నబడింది. ఒకనాడు పూర్తిగా మానేశాడు. ఉయ్యాల్లో కళ్ళు తెరిచి పడుకుని వాసాల కేసి చూసేవాడు. ఇంట్లో ఉయ్యాల తాడు కిర్రు తప్ప వేరే చప్పుడు లేదు. ఆ కిర్రు తనకెక్కడ అలవాటో తవిటమ్మకి తెలుసు.

ఆ సాయంత్రమే జగ్గమ్మ తడుముకుంటూ అరుగు మీదికి వచ్చి, తియ్యకుండా వదిలేసిన చేటలో చెయ్యి పెట్టింది. గింజలు వేళ్ళ మధ్య రాసి చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"తవిటీ, ఈ ధాన్యమెక్కడిదే?"

"ఎవులో ఇచ్చినారత్తా."

"ఎవులిస్తారే? ఇది ముల్లు ధాన్యం. కొసన ముల్లు తగుల్తన్నాది. ఎర్ర బియ్యమొస్తాయి. ఈ రకం ఇత్తనమే నేదిప్పుడు. నిజం సెప్పు. జీడితోటకెల్లినావా?"

తవిటమ్మ అక్కడే కూలబడిపోయింది. అంతా చెప్పింది. గిన్నె, చేట, ఉయ్యాల, చివరికి నీళ్ళు కూడా. జగ్గమ్మ చేటలోంచి చెయ్యి తీసేసుకుంది. కన్నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు కాపరానికి రాకముందు మాట. పర్లాకిమిడోడొకడు తోట కౌలుకి సేసీవోడు. పెళ్ళాం, సంటిగుంటడు. ఆయమ్మకి పాలు పళ్ళేదు. నానే పోసీదాన్ని. తవ్వెడు పాలకి సేటెడు ధాన్యం. ఆ ఏడు జమీందారింట పెళ్ళొచ్చి పాలు బంగారమైపోనాయి. అన్నీ అటే పోసినాను. వాడుక ముయ్యలేదు, మాట సెప్పలేదు, ఎల్లడం మానేసినానంతే. ఊళ్ళో ఇంకెవులూ పొయ్యలేదు. ఆ ధర ఒదులుకుని ఎవులు పోస్తారే? ఆయమ్మ రోజూ గిన్నె గడపమీద ఎట్టి కూకుండీదట. ముందర గుంటడు పోనాడు. ఎనక ఆయమ్మ."

ఊరంతా నవ్వే చాదస్తం ఎక్కడ పుట్టిందో తవిటమ్మకి అప్పుడు తెలిసింది. ఆకలితో చచ్చిపోయిన పసిబిడ్డ పాలలో ఇన్నాళ్ళూ తను నీళ్ళు పోసిందని కూడా తెలిసింది. దయ్యమన్న భయం కన్నా ఆ సంగతే ఆమెని ఎక్కువ కాల్చింది. ఆయమ్మ నీళ్ళపాలకి కూడా పూర్తి ధర ఇచ్చింది. ఇప్పుడు తాయారు పాలకీ ఇస్తోంది. ఎగ్గొట్టింది తన ఇల్లు గాని ఆ ఇల్లు కాదు.

"ముయ్యాలత్తా. ఎలాగైనా ముయ్యాల. కాని ఇంటి పాలు గావాల గదా. గేద సూస్తే వట్టిపోనాది."

గుమ్మంలోంచి తాయారు అంది. ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో తెలియదు. "ఇంటి పాలంటే ఇంకెవులియి ఉన్నాయత్తా? నాయే."

మర్నాడు తాయారు ఆ చల్లటి నోటి కన్నా ముందే లేచింది. గోడవైపు తిరిగి కూర్చుని గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. పిండిన పాలు గిన్నె అడుగుని తడిపి, మరో వేలెత్తు వచ్చాయి. తవిటమ్మ వాటి మీద కొంగు కప్పుకుని బయలుదేరింది. చుక్క తొణక్కుండా నడిచింది. తోటలో రాలిన జీడిపళ్ళు కాళ్ళ కింద చితుకుతున్నాయి. ఏడుపు కాలవ దాటకముందే వినబడింది.

గడప మీద కంచు గిన్నె ఉంది. పక్కన చేట ఉంది. తవిటమ్మ పాలు పోసి, చేతులు జోడించింది.

"అమ్మా, ఇయి ఆఖరి పాలు. నీటిసుక్క తగల్లేదు. నా కోడలు తన బిడ్డ నోటి కాణ్ణుంచి తీసిచ్చినాది. ధర వద్దు. మా అత్త సేసిన తప్పూ, నాను సేసిన తప్పూ నా నెత్తినెయ్యి. మా గుంటణ్ణి ఒగ్గీ తల్లీ."

గిన్నె తలుపు సందులోంచి లోపలికి వెళ్ళింది. ఏ చెయ్యి లాక్కుందో కనబడలేదు. కాసేపటికి ఏడుపు ఆగింది. గుటక వేస్తున్న చప్పుడు వినిపించింది, ఆబగా, ఆగి ఆగి. తవిటమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎప్పుడో పోయిన పరాయి బిడ్డ కడుపు నిండుతుంటే ఆమెకి ప్రాణం కుదుటపడినట్టయింది.

ఇక గిన్నె బోర్లించాలి. తవిటమ్మ కదలకుండా నిలబడింది. ముట్టుకోనని ఇంటి దగ్గరే ఒట్టేసుకుంది కాబట్టి చేట వంక చూడనైనా చూడలేదు. కళ్ళు తలుపు సందు మీదే పెట్టుకుంది. ఈపాటికి మనవడు లేచుంటాడా? తాయారుకి ఇవాళ పాలు నిలుస్తాయా? గేదె మళ్ళీ కట్టి, ఈనేదాకా ఎలా గడవాలి? గంగులుకి కబురు పెట్టాలి. వానలు ఎప్పుడు పడతాయో. కాళ్ళు పీకుతుంటే గడప పక్కన చతికిలబడింది. ఆలోచనల్లో పడిపోయింది.

టక్కుమంది.

ఆ చప్పుడు ఎక్కడిదో ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అది తన నోట్లోంచే వచ్చింది. ముందు పళ్ళ మధ్య గింజ రెండు ముక్కలై ఉంది. కుడిచెయ్యి చేట అంచు మీద ఉంది.

లోపల ఉయ్యాల తాడు మళ్ళీ కిర్రుమంది.

"ఎండిందా, పాలమ్మా?"

కడిగి, తుడిచి, చుక్క తడి లేని కంచు గిన్నె గడప మీదికి వచ్చింది. బోర్లించి లేదు. నిలబెట్టి ఉంది.

"రేపు బేగి రా" అంది గొంతు. అందులో కోపం లేదు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి, మొత్తానికి మంచి వాడుక కుదిరిన ఇల్లాలి గొంతులా ఉంది.

ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. వీధి మొగలోనే మనవడి ఏడుపు వినబడింది. గట్టి ఏడుపు, మునుపటి గోల. అరుగు మీద తాయారు కూర్చుని వాడికి పాలిస్తోంది. ఒక పక్కే ఇస్తోంది, రెండోది పొద్దున పిండేసింది. వాడు తాగి, ఆగి, ఏడ్చి, మళ్ళీ తాగుతున్నాడు. అరుగు మీద చేట లేదు.

"మూసేసొచ్చినావా అత్తా?" అంది తాయారు. ఆ మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు కనబడింది.

తవిటమ్మ నోరు తెరవలేదు. తెరిస్తే నాలుక కింద పొట్టు కనబడుతుందని భయం. తాయారు ఆమె మొహంలోకి చూసింది. కింది పెదవి మీద అతుక్కున్న ఎర్రటి పొట్టు ముక్క చూసింది. చాలాసేపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. కొంగు చివరతో అత్త పెదవి తుడిచి, ఆ పొట్టు వీధిలోకి దులిపేసింది.

తర్వాత పిల్లాణ్ణి అదే పక్కన సర్దుకుని, రెండో పక్క పైట కప్పుకుంది.

"రేపట్నుంచి నానే ఎల్తాను. ఈ పక్క మనోడికి, ఆ పక్క ఆ గుంటడికి. ఏ పొద్దుకెల్లాలో సెప్పు అత్తా."